కొలిమి దగ్గర రోల్ నంబరు పదకొండు

లచ్చయ్యను ర్యాగింగ్ చేయబోయిన పిల్లలు ఇద్దరు. ఆ ఇద్దరికీ సుత్తె పట్టుకోవడం నేర్పింది లచ్చయ్యే.

తప్పు పూర్తిగా వాళ్ళది కాదు. ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కొత్త సంచీ భుజాన తగిలించుకుని నోటీసు బోర్డు ముందు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా మసి బనియన్‌లో తప్ప కనిపించని మనిషిని వెనక నుంచి ఎవరు గుర్తుపడతారు?

"ఏయ్ ఫ్రెషర్, గిటు తిరుగు. పేరు చెప్పు, ఊరు చెప్పు, ఒక పాట పాడు."

తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

"పేరు లచ్చయ్య సార్. ఊరు జనగామ దగ్గర. పాట రాదు."

పిల్లలిద్దరూ ఎటు మాయమయ్యారో తెలియదు. వారం రోజులు కొలిమి వైపు రాలేదు. నేను ఇదంతా ఆఫీసు కిటికీలోంచి చూసి కడుపుబ్బ నవ్వుకున్నాను. అతన్ని ఆ నోటీసు బోర్డు దాకా తోలుకొచ్చింది నేనే కాబట్టి నవ్వే హక్కు నాకుందనుకున్నాను.

నా పేరు సుబ్బరాయుడు. కడప జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి తార్నాకలో స్థిరపడినవాణ్ణి. లలితకళల కళాశాల ఆఫీసులో సూపరింటెండెంటుని. ఏ కాగితమైనా నా బల్ల మీదుగా పోవలసిందే. అందులో నాకు కొంత గర్వం ఉండేది.

మా శిల్ప విభాగంలో డిగ్రీ పిల్లలకు ఇనుప పని ఒక ప్రత్యేకాంశం. రాయి, మట్టి, కంచు అందరూ నేర్పుతారు. ఎర్రగా కాల్చిన ఇనుమును కొట్టి ఆకునో పక్షినో తీయడం మా దగ్గరే ఉందని మా ప్రొఫెసర్లు సభల్లో చెప్పుకునేవారు. చెప్పుకునేవారికి ఎవరికీ ఆ పని రాదు. వచ్చినవాడు కాగితాల మీద దినకూలీ మజ్దూర్. బొగ్గు అంటించాలి, గాలిపంకా చూసుకోవాలి, బూడిద ఎత్తాలి. అంతే అతని ఉద్యోగం. నేర్పడం అని ఎక్కడా రాసి లేదు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో వచ్చాడు లచ్చయ్య. తండ్రి నరహరి ఊళ్ళో కమ్మరి. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ కొలిమికి మిగిలిన పని కొడవళ్ళు, తొట్టెల కొక్కేలు. తొట్టెల కొక్కెం కొసను నరహరి ఎప్పుడూ వెనక్కి మడిచి చిన్న గింజలా చేసేవాడట, పసిబిడ్డ చెయ్యి చాపితే గుచ్చుకోకూడదని. కొడుక్కి ఆ మడత చేతికి పట్టేసింది. గుర్రం తోక చేసినా, తామర రేకు చేసినా కొస దగ్గరికి వచ్చేసరికి అతనికి తెలియకుండానే సుత్తె ఒక్క చిన్న దెబ్బ వేసి మడిచేది.

ఇంకో మాట. లచ్చయ్యది ఎడమచేతి వాటం. సుత్తె ఎడమ చేత, పటకారు కుడి చేత. ఇనుము పెట్టి కొట్టే దాగలికి ఇటు అతనూ అటు పిల్లలూ నిలబడితే, అద్దంలో చూసినట్టుండేదట వాళ్ళకు. అందుకే తొందరగా నేర్చుకునేవారు. అతని చేతి మడత ఎడమకు తిరిగేది. వాళ్ళది, తిరిగితే గిరిగితే, కుడికి తిరిగేది.

తండ్రి నుంచి తెచ్చుకున్నది మరొకటుంది. "సగం పని కొలిమిల పండొద్దు సార్" అనేవాడు. ఎవరి పని అయినా సరే, మొదలుపెట్టింది ఆ పొద్దుకు ఒక దరికి చేరాలి. లేకపోతే కొలిమికి మర్యాద కాదు. మరి డిగ్రీ పిల్లలు సగం పనులు కాక ఏం చేస్తారు? నాలుగు కొట్టగానే ఫోను మోగుతుంది, క్యాంటీన్ పిలుస్తుంది, హాస్టల్ బస్సు కదులుతుంది. వాళ్ళు వెళ్ళిపోయాక అయిదు నుంచి ఆరింటి దాకా లచ్చయ్య ఒక్కడే నిలబడి, వంకరపోయిన కాడ సరిచేసి, ఆగిపోయిన ఆకు సాగదీసి, కొస మడిచి, ఎవరిది వారి బల్ల మీద పెట్టేవాడు. మర్నాడు వచ్చిన పిల్లలు "నిన్న నేను బాగనే కొట్టిన్రా" అనుకుని ఫోటో తీసుకునేవారు. లచ్చయ్య ఏమీ అనేవాడు కాదు. అందులో అనడానికేముందో అతనికి నిజంగా తెలియదు.

నేను ఆ వేళకు కొలిమి దగ్గర ఎందుకుండేవాణ్ణంటే, మా ఇంటి కొబ్బరి కోరు, కత్తిపీట, మా ఆవిడ చెల్లెలి కత్తిపీట, వరసగా పదును పెట్టించుకోవడానికి. బొగ్గు విశ్వవిద్యాలయానిది. సంచీ కింద దాచుకుని, కాగితాలు పట్టుకుపోతున్నట్టు మొహం పెట్టి నడిచేవాణ్ణి. ఓసారి ప్రిన్సిపాల్ ఎదురై "ఏమిటండీ అది?" అంటే "ఫైలండీ" అన్నాను. ఫైలుకు పిడి ఉండడం ఆయన ఆ రోజే చూసి ఉంటారు.

అలా వెళ్ళినప్పుడే నిరోష మొక్కజొన్న చూశాను. ఇది పన్నెండేళ్ళ కిందటి మాట. నిరోష అప్పుడు నాలుగో సంవత్సరం విద్యార్థిని. ఇనుముతో నిలువెత్తు మొక్కజొన్న మొక్క చేస్తోంది. ఊహ ఆమెదే. బొమ్మ గీసిందీ, కాడ నిలబెట్టిందీ, పొత్తు మీద గింజ గింజా కొట్టిందీ ఆమే. అబద్ధమెందుకు, కష్టపడే పిల్ల. ఆకుల దగ్గరికి వచ్చేసరికి డెంగీ జ్వరం పట్టుకుంది. సమర్పణకు ఆరు రోజులున్నాయి. లచ్చయ్య మూడు సాయంత్రాల్లో పధ్నాలుగు ఆకులు కొట్టి కాడకు అతికించాడు. రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. ఆ మొక్క ఇప్పటికీ మా గ్యాలరీ గుమ్మంలోనే ఉంది. నిరోష అదే విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయింది.

ఇక అయిదేళ్ళ కిందట ఒక మంచి కబురు వచ్చింది. ఇనుప పనికి ఇన్‌స్ట్రక్టర్ పోస్టు కావాలని విభాగం అడిగితే పైవాళ్ళు ఒప్పుకున్నారు. పక్కా ఉద్యోగం. కాకపోతే ఆ అంశంలోనే డిగ్రీ ఉండాలి, యాభై అయిదు శాతం మార్కులుండాలి, భర్తీ నాలుగేళ్ళ తర్వాత.

నేను ఆ కాగితం పట్టుకుని కొలిమి దగ్గరికి పరుగెత్తాను.

"లచ్చయ్యా, నువ్వు ఇంటర్ పాసైనావు గదప్పా?"

"ఓపెన్ల రాసిన సార్. ఎందుకు?"

"డిగ్రీలో చేరు. నాలుగేండ్లు కళ్ళు మూసుకో. ఈ పోస్టు నీది."

"గీడ నేనే నేర్పుతున్న గద సార్. మల్ల నేనే నేర్చుకునుడేంది?"

"అదంతే. కాగితం కావాల."

రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు భార్య అమృతమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నన్ను ఒకటే అడిగింది: "పక్కాగ అయితదా సార్? ఈ వయసుల నవ్వులపాలు గాడు గద?" నేను అభయమిచ్చాను. పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం కొలిమి ఆరేదాకా మజ్దూర్, మధ్యలో విద్యార్థి. అలా రెండు రిజిస్టర్లలో లచ్చయ్యను నేనే సర్దాను. ఒకదాంట్లో వేలిముద్ర, ఇంకోదాంట్లో రోల్ నంబరు పదకొండు.

మొదటి రెండేళ్ళు నవ్వుకోవడానికే సరిపోయాయి. తార్నాక చౌరస్తాలో బస్సెక్కి స్టూడెంట్ పాసు చూపిస్తే కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట.

"ఇది ఎవలది, కొడుకుదా?"

"నాదే."

"ఏం జదువుతున్నవ్?"

"ఇనుము కొట్టుడు."

"దానికి సదువేంది కాకా?"

"గదే నేను గూడ అడిగిన."

క్లాసులో మరీ విచిత్రం. నిరోష హాజరు పిలిచేటప్పుడు "రోల్ నంబర్ ఎలెవన్" అనేది, తలెత్తకుండా. లచ్చయ్య లేచి "ప్రెజెంట్ మేడమ్" అనేవాడు. అది అయ్యాక ఆమె ఇనుము కొలిమిలో పెట్టి, రంగు చూడమని పిల్లలకు చెప్పి, తీయవలసిన క్షణం వచ్చిందా లేదా అని పదకొండో నంబరు మొహం వైపు చూసేది. అతను కనురెప్ప వేస్తే తీసేది. "లచ్చన్నా, జర చూపించవా" అని నోరుజారేది అప్పుడప్పుడు. అతను చూపించేవాడు. అందరూ నేర్చుకునేవారు. ఏడాది చివర అతనికి క్లాసు మార్కులు ఇరవైకి పదకొండు వచ్చాయి. పక్కన రిమార్కు: సందేహాలు అడగడంలో చొరవ లేదు.

"ఏమప్పా, ఒక్క సందేహమన్నా అడగొచ్చు గదా" అన్నాను.

"తెలిసింది ఎట్ల అడుగుత సార్? మేడమ్‌కు రాకుంటే? పోరగాళ్ళ ముందట ఆమె ఇజ్జత్ పోదా?"

రాత పరీక్షలు అతని ప్రాణం తీశాయి. ఐరోపాలో కోటల గేట్లు, వాటి శతాబ్దాలు, ఆ పేర్లు. తార్నాకలో ఇరానీ చాయ్ ముందు కూర్చుని నేనే చదివి వినిపించేవాణ్ణి. అవి ఎలాగో బట్టీపట్టి గట్టెక్కాడు. దెబ్బతిన్నది తనకు వచ్చిన ప్రశ్న దగ్గర. 'కాల్చిన లోహమును సాగదీయు విధానమును వివరింపుము, పదిహేను మార్కులు.' లచ్చయ్య మూడు వాక్యాలు రాశాడు. 'ఎర్రగా ఉన్నప్పుడు కొట్టవలెను. నల్లబడినాక కొట్టరాదు. మిగిలినది చేతికి తెలియును.' రెండు మార్కులు వచ్చాయి. అతని పక్కన కూర్చునే జశ్వంత్ తొమ్మిది పేజీలు రాసి పదమూడు తెచ్చుకున్నాడు. జశ్వంత్ చెడ్డవాడేమీ కాదు, చురుకైన కుర్రాడు. కానీ అతను సాగదీసిన కడ్డీ ఏదీ మర్నాటికి అదే వంకరతో ఉండేది కాదు. ఎందుకో మీకు తెలుసు.

ఇలా తరుగుతూ పెరుగుతూ నాలుగో ఏటికి లచ్చయ్య యాభై ఏడు శాతం మీద నిలబడ్డాడు. మిగిలింది ఆఖరి ప్రాజెక్టు ఒక్కటే. సొంతంగా ఊహించి, సొంత చేత్తో చేయాలి. దాని మార్కులు కొండంత.

అతను చిక్కుడు పందిరి చేశాడు. నాలుగు ఇనుప గుంజలు, మీద అల్లుకున్న తీగ, నలభై ఆకులు, వేలాడే కాయలు. ఒక మనిషి కింద కూర్చోవచ్చు. అమృతమ్మ వచ్చి చూసి, ఒక కాయను గోటితో గిల్లి చూసింది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు నేను చూడలేదు. ఆ నాలుగేళ్ళలో మొదటిసారి లచ్చయ్య తనకోసం తాను ఒక వస్తువు చేసుకున్నాడు.

పరీక్ష రోజు బయటి ఎగ్జామినర్ వేరే నగరం నుంచి వచ్చాడు. శ్రద్ధగల మనిషి, అదే వచ్చిన చిక్కు. ముందుగా గ్యాలరీ అంతా తిరిగి ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత పందిరి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గదిలో విభాగాధిపతి సూర్యనారాయణగారు, పక్కన నిరోష, ఎదురుగా నిలబడి లచ్చయ్య. మూల బల్ల దగ్గర నేను. ఎవరేమన్నారో రాసి సంతకాలు తీసుకోవడం నా పని.

"పని బాగుంది" అన్నాడు ఎగ్జామినర్. "చాలా బాగుంది. నా అనుమానమే అది. గుమ్మంలో ఉన్న మొక్కజొన్న ఎవరిదండీ?"

"నాదే సార్" అంది నిరోష.

"ఇదిగో, ఈ ఫోటోలో దాని ఆకు కొస చూడండి. వెనక్కి మడత, గింజలాగా, ఎడమకు తిరిగి. ఇప్పుడు ఈయన నలభై ఆకులూ చూడండి. అదే మడత, అటే తిరిగి. గ్యాలరీలో ఇంకో ఆరు పాత వర్కుల్లో కూడా చూశాను. స్టూడెంటు మీద పెద్దవాళ్ళ ప్రభావం ఉండొచ్చు. కానీ వాళ్ళ చేతి ముద్రను ఎత్తుకోకూడదు. సొంతం అని రాసి సంతకం పెట్టారు మరి."

సూర్యనారాయణగారికి రిటైర్మెంటు రెండు నెలల్లో ఉంది. ఏ గొడవా లేకుండా శాలువా కప్పించుకుని పోవాలని ఆయన కోరిక. "ఏమయ్యా లచ్చయ్యా, ఆ మడత ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు, పిల్లవాణ్ణి అడిగినట్టు.

లచ్చయ్య నిరోష వైపు చూశాడు. నిరోష పెన్ను మూత తీసి పెడుతోంది, తీసి పెడుతోంది. తర్వాత నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను కాగితం మీద తేదీ వేశాను. తేదీ అప్పటికే వేసి ఉంది.

"మేడమ్ దగ్గరనే సార్" అన్నాడు.

"నిజాయితీగా ఒప్పుకున్నాడు" అన్నాడు ఎగ్జామినర్. మెచ్చుకోలుగానే అన్నాడు.

'మడత విధానము గురువు నుండి గ్రహించినట్లు అభ్యర్థి అంగీకరించారు' అని నేను గుండ్రటి అక్షరాలతో రాశాను. నిరోష కుడిచేత్తో సంతకం చేసింది. ఆ కుడిచేతిని ఆ గదిలో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎడమకు తిరిగే మడత ఆ చేతికి ఎన్నడూ రాదని తెలిసినవాళ్ళం ముగ్గురం.

నేనెందుకు నోరు విప్పలేదు? చాలా కారణాలు దొరికాయి నాకు. చెబితే నిరోష బహుమతి పోతుంది, ఉద్యోగం మీదికి వస్తుంది. ఇంకో ఆరుగురు పాత విద్యార్థుల డిగ్రీలు తిరగదోడతారు. విచారణ అంటే అన్ని ఫైళ్ళూ నా బల్ల మీదికే. లచ్చయ్యను రెండు రిజిస్టర్లలో సర్దినవాణ్ణి ఎవరు అని అడుగుతారు. అన్నిటికన్నా సులువైన కారణం, అతనే ఒప్పుకున్నాడు కదా, మధ్యలో నేనెవరిని?

మర్నాడు మధ్యాహ్నం నిరోష నా గదికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సుబ్బరాయుడు సార్, నేను చెప్పాల్సింది."

"చెప్పాల్సిందేమ్మా."

"ఇప్పుడు చెప్తే అయితదా సార్? ఆకులు ఆయన కొట్టిండని రాసిస్తా. ఏమయితే అదే అయితది."

"మార్కుల కవరు పరీక్షల విభాగానికి వెళ్ళిపోయిందమ్మా" అన్నాను.

ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆమె మొహంలో బాధ ఉంది, దాని వెనక కాస్త ఊపిరి తీసుకోవడమూ ఉంది. తప్పుపట్టను. కవరు నా సొరుగులోనే ఉంది. ఇంకో రెండు రోజులు అక్కడే ఉంది. తర్వాత నేనే సీలు వేసి పంపించాను.

లచ్చయ్యకు మొత్తం మీద యాభై మూడు శాతం వచ్చింది. డిగ్రీ వచ్చింది, పోస్టు పోయింది. అరవై ఎనిమిది శాతం తెచ్చుకున్న జశ్వంత్‌కు ఇచ్చారు. చేరే కాగితం మీద సంతకం చేస్తూ జశ్వంత్ ఆనందంగా అన్నాడు: "ఏం టెన్షన్ లేదు సార్. లచ్చన్న ఉంటడు గద. అంతా ఆయన జూసుకుంటడు."

లచ్చయ్య ఆ రోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దినకూలీ మనిషి రాకపోతే రాజీనామా కూడా అక్కర్లేదు. రిజిస్టర్‌లో గీత కొడితే సరిపోతుంది. కొట్టాను.

నెల ఆగి, ఒక ఆదివారం అడిక్‌మెట్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. డిగ్రీ సర్టిఫికెట్టు ఇవ్వాలన్న సాకు దొరికింది. సందులో రెండు గదుల ఇల్లు. లచ్చయ్య అప్పుడే పని నుంచి వచ్చినట్టున్నాడు. రామంతాపూర్‌లో ఒక గేట్ల దుకాణంలో కుదిరాడట. ఆకులూ పువ్వులూ అచ్చుపోసినవి బస్తాల్లో వస్తాయి. గేటుకు వెల్డింగ్‌తో అతికించడమే.

"కొట్టుడు ఏం లేదు సార్" అన్నాడు. "ఆకుల కొసలన్నీ సూదుల్లెక్క ఉంటయి. గట్లనే అతుకుమంటడు సేటు."

సర్టిఫికెట్టు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, ప్రసాదం తీసుకున్నట్టు. అమృతమ్మ చాయ్ తెచ్చింది. నా వైపు చూడలేదు. నన్ను అడిగిన మాట ఆమెకు గుర్తుందని నాకు తెలుసు.

చాయ్ సగం తాగాక ఉండబట్టలేక అడిగాను.

"ఆ పొద్దు నువ్వెందుకు చెప్పలేదప్పా? 'ఆకులు నేనే కొట్టినా' అని ఒక్క మాట అని ఉంటే?"

"నేను జెప్తే ఎవడు నమ్ముతడు సార్?" అన్నాడు లచ్చయ్య. కోపం లేదు, పరాచికమూ లేదు. "మార్కుల కోసం కమ్మరోడు మేడమ్ మీద వడ్డడంటరు. కష్టపడి చదివిన పిల్ల, ఆమె ముందటనే అంటే మంచిగుంటదా? నువ్వు రాస్తున్నవ్ గద సార్. నువ్వు అప్పుడు కొలిమి కాడ ఉంటివి, చూస్తివి. సార్ రాస్తడు తీ, అనుకున్న."

నేను గ్లాసులోకి చూశాను.

చాయ్ చాలా బాగుందమ్మా అన్నాను అమృతమ్మతో. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాను. మొదటిసారి అన్నప్పుడు మాత్రమే ఆమె తలూపింది.